బస్సు టికెట్ నుంచి ఓపీ టోకెన్ దాకా: యాప్ ఎవరికి అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని పరీక్షించే తీరు

యాప్ తెరవడంతో పరీక్ష మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఎవరు వాడతారు, ఏ పని కోసం, ఆ సమయంలో ఎక్కడ ఉంటారు. "బస్సు టికెట్ యాప్ పరీక్ష" అని రాసుకుంటే ఏమీ తేలదు. "అరవై దాటిన ఆవిడ, తెలుగు మాత్రమే చదువుతుంది, మధ్యాహ్నం పన్నెండింటికి తిరుపతి బస్టాండులో నిలబడి రేపు పొద్దున చిత్తూరుకు రెండు టికెట్లు తీసుకోవాలి" అని రాసుకుంటే సగం పరీక్ష తయారైనట్టే. యాప్ అందంగా ఉందా, రంగులు నచ్చాయా అనే ప్రశ్నలకు ఈ కాగితం మీద చోటు లేదు. పని అయిందా, కాకపోతే ఏ స్క్రీన్ దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే మనం తేల్చాలి.

వాడుకలో సులువు ఒక పరీక్ష, వికలాంగులకు అందుబాటు మరో పరీక్ష అని విడగొట్టొద్దు. చూపు తగ్గినవాళ్లకు కనపడని లేత బూడిద అక్షరం, ఎండలో నిలబడిన ఆరోగ్యవంతుడికీ కనపడదు. చెయ్యి వణికే తాతకు అందని చిన్న బటన్, చంకలో బిడ్డను ఎత్తుకుని ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్న తల్లికీ అందదు.

ఒక యాప్‌కు నాలుగైదు పనులు చాలు. ప్రతి పనీ చివరిదాకా ఉండాలి: టికెట్ అంటే ఎస్ఎంఎస్ చేతికొచ్చి, కండక్టరుకు చూపించగలిగేదాకా. రద్దు చేయడం, తప్పు పడిన పేరు దిద్దుకోవడం కూడా పనులుగా పెట్టండి. యాప్ కట్టేవాళ్లు తక్కువ శ్రద్ధ పెట్టేది వీటి మీదే, జనం ఎక్కువగా చిక్కుకునేదీ ఇక్కడే.

ముందు మీరే ఒక విడత చేయండి

మంచి ఫోన్ పక్కన పెట్టి, రెండు మూడు జీబీల ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోండి. వెలుతురు సగానికి తగ్గించి ఎండలోకి వెళ్లండి. ఒకసారి మామూలుగా పని పూర్తి చేసి, ఎన్ని స్క్రీన్లు దాటారో రాసుకోండి. ఆ తర్వాత ఒక్కో మార్పు చేస్తూ అదే పని మళ్లీ చేయండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది దెబ్బతీసిందో తెలియదు.

మొదటి మార్పు అక్షరాల సైజు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాన్ని చివరిదాకా లాగండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే అంటుంది: అక్షరాలు 200 శాతం పెంచినా ఏ సమాచారమూ, ఏ బటనూ మాయం కాకూడదు. ఈ పరీక్షలో ఇంగ్లిష్ స్క్రీన్ కంటే తెలుగు స్క్రీన్ ముందే విరుగుతుంది. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది, ఒక్కోసారి రెండు ఒత్తులు. ఇంగ్లిష్ ఎత్తును బట్టి గీసిన గడిలో ఆ ఒత్తు కింది గీతకు తగిలి తెగిపోతుంది. శ్రీకాళహస్తి, లక్ష్మి, జ్యోత్స్న అనే మూడు మాటలు టైప్ చేసి చూడండి. "లక్ష్మి" కింద మ ఒత్తు కనపడకపోతే వరుసల మధ్య ఎడం చాలలేదని అర్థం. ఎడాన్ని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు చేసి మళ్లీ చూడమనండి.

గడిలో ఎన్ని అక్షరాలు పడతాయో కూడా ఇక్కడే చూడండి. శ్రీకాళహస్తి అనే మాట కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో పొల్లూ, గుణింతం గుర్తూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అదే మాట 12 అవుతుంది. చిరునామా గడికి 30 అక్షరాల హద్దు పెడితే, ఇంగ్లిష్‌లో రాసినవాళ్లకు సరిపోతుంది, తెలుగులో రాసినవాళ్లకు ఊరిపేరు దగ్గర ఆగిపోతుంది. ఎస్ఎంఎస్‌దీ ఇదే కథ: ఇంగ్లిష్ సందేశం ఒక్కో దానికి 160 అక్షరాలు పడితే, తెలుగుకు 70 మాత్రమే. పొడుగు తెలుగు సందేశం చివర ఓటీపీ పెడితే, చిన్న ఫోన్లలో నోటిఫికేషన్‌లో అంకెలు కనిపించవు. అంకెలు మొదట, వివరం తర్వాత ఉండాలి.

రెండో మార్పు రంగు. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో రంగుల సవరణ కింద గ్రేస్కేల్ పెట్టండి. బస్సు సీట్ల బొమ్మ తెరవండి. ఖాళీ సీటు ఏదో, నిండిన సీటు ఏదో, ఆడవాళ్లకు కేటాయించింది ఏదో ఇప్పటికీ తెలుస్తోందా? తెలియకపోతే ఆకుపచ్చ, ఎరుపు తేడా పట్టలేనివాళ్లకు ఆ బొమ్మ పనికిరానట్టే. సీటు మీద గుర్తో మాటో ఉండాలి.

వెలుగు తేడాను కంటితో అంచనా వేయొద్దు, కొలవండి. స్క్రీన్‌షాట్ తీసి, కాంట్రాస్ట్ కొలిచే ఉచిత సాధనంలో అక్షరం రంగూ, వెనక రంగూ ఇస్తే నిష్పత్తి వస్తుంది. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకూ బటన్ల అంచులకూ గుర్తులకూ కనీసం 3 ఉండాలి. తెలుపు మీద 777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు 4.48 వచ్చి తప్పుతుంది; 767676 అయితే 4.54 వచ్చి నిలుస్తుంది. మన వైపు సైట్లలో పసుపు, కాషాయం ఇష్టంగా వాడతారు. మామూలు నారింజ బటన్ మీద తెల్ల అక్షరాలు పెడితే నిష్పత్తి 2 కూడా రాదు. అదే నారింజ మీద నల్ల అక్షరాలు పెడితే 10 దాటుతుంది. రంగు మార్చమని పోట్లాడాల్సిన పనిలేదు, అక్షరం రంగు మార్చమంటే చాలు.

బటన్ కొలతకు బడిపిల్లల స్కేలు చాలు. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు అడిగే 48 డీపీ (స్క్రీన్ మీద సైజును లెక్కేసే కొలమానం) అంటే స్క్రీన్ మీద సుమారు 9 మిల్లీమీటర్లు. సీట్ల బొమ్మలు, క్యాలెండర్‌లో తేదీలు, ప్రకటనను మూసే గుణకారం గుర్తు ఎక్కువగా తప్పుతాయి.

టాక్‌బ్యాక్‌తో

అన్నింటికంటే ఎక్కువ బయటపెట్టేది ఈ పరీక్షే కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. టాక్‌బ్యాక్ అంటే స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఆండ్రాయిడ్ ఏర్పాటు, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. ఆన్ చేసేముందే ఆపే దారి సిద్ధం చేసుకోండి. యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ పెట్టుకుంటే రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు పట్టుకుని ఆన్, ఆఫ్ చేయొచ్చు. ఇది చేయకపోతే మొదటిసారి వాడేవాళ్లు ఆపలేక తంటాలు పడతారు.

తర్వాత మాట వినిపించే ఇంజిన్‌లో తెలుగు గొంతు ఉందో లేదో చూడండి. అది దించుకోకపోతే తెలుగు వాక్యాలను దాటేస్తుంది, మీరేమో తప్పు యాప్‌ది అనుకుంటారు. గొంతు ఉన్నా తెలుగు వెబ్ పేజీ చదవకపోతే, అప్పుడు పేజీ కోడ్‌లో భాష ఇంగ్లిష్ అని రాసి ఉందేమో అనుమానించండి. తెలుగు పేజీల్లో ఇది తరచుగా కనిపించే తప్పు, దిద్దడానికి ఒక్క వరుస చాలు.

ఒక వేలితో కుడికి తోస్తే తర్వాతి అంశం, ఎడమకు తోస్తే వెనకటిది, ఎక్కడైనా రెండుసార్లు తట్టితే నొక్కినట్టు, రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతుంది. పది నిమిషాలు అలవాటు చేసుకోండి. ఆ తర్వాత ఫోన్ మీద తువ్వాలు కప్పి, చెయ్యి కింద పెట్టి పని మొదలుపెట్టండి. స్క్రీన్ చూస్తూ చేస్తే చెవికి అందనిదాన్ని కన్ను నింపేస్తుంది, లోపం తప్పించుకుంటుంది.

విన్నది విన్నట్టు రాయండి. "లేబుల్ లేని బటన్" అని వస్తే, బొమ్మ ఉంది కానీ దానికి పేరు పెట్టలేదని అర్థం. వెనక్కి వెళ్లే బాణం, వెతికే భూతద్దం, మూడు గీతల మెనూ ఎక్కువగా ఇట్లా వినిపిస్తాయి. మగ, ఆడ అనే ఎంపికలో ఏది ఎంచుకున్నామో చెప్పకపోవడం మరో లోపం. పైన ఒక చిన్న పెట్టె తెరుచుకున్నా వేలు కింది పేజీలోనే తిరుగుతూ ఉండడం ఇంకొకటి. చూపున్నవాళ్లకు ఇది తెలియనే తెలియదు. తప్పు సందేశం ఎర్రగా కనపడి, గొంతు మౌనంగా ఉంటే, చూపులేనివాళ్లు సబ్మిట్ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంటారు. పిన్, పాస్‌వర్డ్ గడుల దగ్గర ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, అంకెలు బయటికి వినపడే ప్రమాదం ఉంది.

క్యాప్చా దగ్గర ప్రత్యేకంగా ఆగండి. వంకర అక్షరాల బొమ్మ మాత్రమే ఉండి, వినే ఏర్పాటో మరో దారో లేకపోతే, అక్కడే పని ముగిసిపోయింది. మిగతా యాప్ ఎంత బాగున్నా లెక్కలోకి రాదు.

పీడీఎఫ్‌లకు వేరే పరీక్ష ఉంది. నోటీసులు, దరఖాస్తు ఫారాలు, ఫలితాల జాబితాలు మన దగ్గర పీడీఎఫ్‌గానే వస్తాయి. ఒక తెలుగు వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగే వస్తే మంచిది. ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తే, యూనికోడ్ (అన్ని ఫోన్లూ తెలుగుగా గుర్తించే అక్షరాల పద్ధతి) కాకుండా అను వంటి పాత ఫాంట్లతో టైప్ చేశారని అర్థం. టాక్‌బ్యాక్ ఆ గజిబిజినే చదువుతుంది, వెతికినా దొరకదు. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

ఐదు నిమిషాల్లో మొదటి జల్లెడ పట్టాలంటే గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ ఉచితం. పేరు లేని బటన్, చిన్న బటన్, చాలని కాంట్రాస్ట్ పట్టిస్తుంది. పెట్టిన పేరుకు అర్థం ఉందో లేదో చెప్పలేదు, అది మనిషే వినాలి. కంప్యూటర్ సైట్ అయితే మౌస్ ముట్టకుండా ట్యాబ్, ఎంటర్‌లతోనే పని పూర్తి చేయండి, ఎక్కడున్నామో చూపే గీత ప్రతి చోటా కనపడాలి.

కావాలని తప్పు చేయండి

ఫారాన్ని సరిగ్గా నింపితే అన్ని యాప్‌లూ బాగానే కనపడతాయి. ఫోన్ నంబర్ ఒక అంకె తక్కువ కొట్టండి; ముందు 91 కలిపి కొట్టండి; మధ్యలో ఖాళీ వదలండి. ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఇవ్వండి, ఇనీషియల్ తర్వాత చుక్క పెట్టండి, ఒకే మాట పేరు ఉన్నవాళ్లలా రెండో గడి వదిలేయండి. మనవాళ్ల పేర్లు ఆధార్‌లో ఉన్న తీరు ఇదే, ఫారం వాటిని ఒప్పుకోవాలి. పుట్టిన సంవత్సరం 1952 పెట్టి చూడండి: క్యాలెండర్ నెల నెలా వెనక్కి జరపమంటే అది వందల నొక్కులు. నేరుగా అంకెలు కొట్టే గడి ఇవ్వమనండి.

తప్పు సందేశంలో మూడు ఉండాలి: ఏ గడిలో, ఏం తప్పు, ఎట్లా దిద్దాలి. "చెల్లని వివరాలు" అని ఊరుకుంటే తప్పు. ఒక గడి తప్పితే మిగతా గడులు ఖాళీ అయిపోతున్నాయా, భాష మారిస్తే నింపిందంతా పోతోందా అని కూడా చూడండి. చిత్తూరు, నగరి, కుప్పం వైపు తమిళంలోనో కన్నడంలోనో చదువుకున్నవాళ్లు చాలామంది, కాబట్టి భాష మార్చే బటన్ ఇక్కడ అలంకారం కాదు. అది మొదటి స్క్రీన్‌లోనే ఉండాలి, తమిళం పేరు తమిళ లిపిలో, కన్నడం పేరు కన్నడ లిపిలో ఉండాలి. ఊరి వెతుకులాటలో తిరుపతిని ఇంగ్లిష్‌లో టీ తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి, చివర ఐ బదులు వై పెట్టి ఒకసారి కొట్టండి. మూడింటికీ తిరుపతి రావాలి.

ఓటీపీకి ఒక పరీక్ష: ఫోన్‌ను పక్కింట్లో మరొకరి చేతికిచ్చి, వాళ్లు అంకెలు చదివి చెప్తే మీరు కొట్టండి. చాలా ఇళ్లలో నంబర్ కొడుకుది, టికెట్ తల్లిది. గడువు 30 సెకన్లే అయితే ఈ పని జరగదు. డబ్ల్యూసీఏజీ ప్రకారం గడువు ముగిసేముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. సీటు పట్టి ఉంచే సమయం లాంటివాటికి మినహాయింపు ఉండొచ్చు, అయినా ఎంత సమయం ఉందో ముందే చెప్పడంలో కష్టమేముంది?

డబ్బు కట్టే పేజీకి ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీయండి. మొదటికి వెళ్లిపోయిందా, ఉన్నచోటే నిలిచిందా రాసుకోండి. చెల్లింపు మధ్యలో మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు.

మనుషులతో

మీరు ఎంత జాగ్రత్తగా చేసినా, యాప్ తెలిసిన మనిషి తెలియనట్టు నటించలేడు. వాడుకలో సులువు మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ 1993లో వేసిన లెక్కను బట్టి, ఒకే రకం వాడుకదారులు ఐదుగురితో చేస్తే సుమారు 85 శాతం చిక్కులు బయటపడతాయి. ఒకే రకం అన్న మాట మరవకండి. టాక్‌బ్యాక్ వాడేవాళ్లు, తెలుగు మాత్రమే చదివే పెద్దవాళ్లు వేర్వేరు గుంపులు. గుంపుకు ముగ్గురినైనా పిలవండి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఐదుగురిని కూర్చోబెట్టి జనం అభిప్రాయం అనడం సరికాదు. నెట్ సెంటర్‌లో, సచివాలయంలో కూర్చుని ఇతరుల కోసం నింపేవాళ్లు కూడా ఒక గుంపే.

పని చెప్పేటప్పుడు బటన్ మీది మాట వాడొద్దు. "అడ్వాన్స్ బుకింగ్‌లోకి వెళ్లండి" అంటే జవాబు చెప్పేసినట్టే. "అవ్వా, బుధవారం పొద్దున ఆస్పత్రిలో కళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, టోకెన్ తీసుకోండి" అనండి. మొదట్లోనే తేటగా చెప్పండి: "ఇది మీకు పరీక్ష కాదమ్మా, ఈ యాప్‌కు. ఏం చూస్తా ఉన్నారో, ఏమనుకుంటా ఉన్నారో పైకి చెప్తా ఉండండి." ఆ తర్వాత నోరు కట్టుకోవడమే కష్టమైన పని. "ఇక్కడ నొక్కమంటావా నాయనా?" అని అడిగితే, "నేను లేకపోతే ఏం చేసేవాళ్లమ్మా?" అని తిరిగి అడగండి. మూడు నిమిషాలు ఒకే స్క్రీన్ దగ్గర కదలకపోతే సాయం చేయండి, కానీ ఆ పనిని "కాలేదు" కింద రాయండి.

మనవాళ్లు మర్యాదస్తులు. ఎంత అవస్థ పడినా చివర "బాగుంది నాయనా" అంటారు. ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు, వేలు ఎక్కడ గాల్లో ఆగిందో అది రాయండి. "నాకు చదువు రాదు కదా, తప్పు నాదే" అని ఎవరైనా అంటే, సరిగ్గా ఆ క్షణంలో ఏ స్క్రీన్ ఉందో గుర్తు పెట్టుకోండి. తప్పు ఆ స్క్రీన్‌ది.

అసలు ఆధార్ నంబర్లు, అసలు కార్డులు వాడించొద్దు. రికార్డు చేసేముందు అడగండి, ఓటీపీ వచ్చే సమయంలో ఆపండి. బ్యాంకు యాప్‌లు స్క్రీన్ రికార్డింగ్‌ను తరచుగా అడ్డుకుంటాయి, వీడియో నల్లగా వస్తుంది; అక్కడ చేతిరాతే దిక్కు. వచ్చినవాళ్ల సమయానికి, దారి ఖర్చుకు డబ్బు ఇవ్వండి, పని పూర్తయినా కాకపోయినా.

అంకె కావాలంటే వాడుకలో సులువును కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి ఉంది: పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. బేసి వాక్యాల మార్కులోంచి 1 తీసేయండి, సరి వాక్యాల మార్కును 5లోంచి తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణించండి. బేసి వాటికి అన్నీ 4, సరి వాటికి అన్నీ 2 వస్తే 75. సగటు 68 అని లెక్క. చదవలేనివాళ్లకు వాక్యం చదివి వినిపించండి. ఐదుగురి అంకెను గొప్పగా ప్రకటించొద్దు, పాత వెర్షన్‌తో పోల్చుకోవడానికే అది పనికొస్తుంది.

రాసి పంపడం

"యాప్ కష్టంగా ఉంది" అని పంపితే ఎవరూ దిద్దలేరు. ఇట్లా రాయండి: "ప్రయాణికుల వివరాల స్క్రీన్. వెర్షన్ ఇది, ఫోన్ ఇది, అక్షరాల సైజు గరిష్ఠం. వయసు గడి కింద ఉన్న ముందుకు బటన్ స్క్రీన్ బయటికి పోయింది, పేజీ కిందికి జరగడం లేదు. పని ఇక్కడ ఆగింది. పేజీని జరిగేలా చేస్తే సరిపోతుంది." పక్కన తీవ్రత వేయండి. నీల్సన్ వాడిన 0 నుంచి 4 కొలత చాలు: 4 అంటే పని ఆగిపోతుంది, విడుదలకు ముందే దిద్దాలి, 1 అంటే తీరిక ఉంటే దిద్దొచ్చు. ఎంతమందికి తగిలిందన్నది ఒక్కటే చూడొద్దు. చూపులేని ఒక్కరికి క్యాప్చా దగ్గర పని ఆగితే అది 4 కిందికే వస్తుంది.

ప్రభుత్వ సేవ అయితే చట్టం మాట కూడా కలపండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం అందుబాటు గురించే. ఈ అందుబాటుకు ఐఎస్ 17802 మన దేశ ప్రమాణం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ కేసులో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. లోపం పక్కన ఆ ప్రమాణంలో ఏ నియమం తప్పిందో రాస్తే దాన్ని తోసేయడం కష్టం.

దిద్దామని జవాబు వచ్చాక అదే పని, అదే ఫోన్, అదే సెట్టింగ్‌తో మళ్లీ చేయండి. మొదటి విడతలో రాని కొత్త మనిషిని ఒకరినైనా పిలవండి, పాతవాళ్లు దారి నేర్చుకుని ఉంటారు. టాక్‌బ్యాక్ పరీక్ష మాత్రం ప్రతి అప్‌డేట్ తర్వాతా చేయాలి: కొత్త గుర్తులు చేర్చినప్పుడు వాటికి పేర్లు పెట్టడం మళ్లీ మరిచిపోతారు.